అబ్రహాం దిగని డ్యూటీ

డోర్నకల్ రైల్వే క్వార్టర్లలో ఆ ఏడాది ఆడవాళ్లందరికీ ఒక ముసలాయన మీద జాలి పుట్టింది. ఆయన ఉండేది వారపత్రిక సీరియల్లో. మతి తప్పినా మల్లెపువ్వులాంటి ధోవతి కట్టి, వాన చూస్తూ మంచి మంచి మాటలు చెప్పేవాడు. గార్డు భార్య సునంద ప్రతి శుక్రవారం వాకిట్లో చదివి వినిపిస్తుంటే అందరి కొంగులూ తడిసేవి.

పక్క వాకిట్లో మామ తడిపిన దుప్పటి పిండుతూ సరళ వినేది.

"గా ముసలాయన పక్క తడుపడా అక్కా?" అని ఒకనాడు అడిగింది.

సునంద ముక్కు చిట్లించింది. "కథల గవన్ని రాస్తరానే!"

సరళ మామ అబ్రహాం ముప్పై ఏండ్లు గేట్‌మ్యాన్‌గా చేశాడు. పెళ్లాం పేరు మరిచాడు, అన్నం తిన్నది మరిచాడు, డ్యూటీ మాత్రం మరవలేదు. ఏ గేటు కనపడినా నిలబడి ఎర్రగుడ్డ చాపేవాడు. కథకు ఏడ్చిన ఆడవాళ్లే ఆయన్ను చూసి కిసకిస నవ్వేవాళ్లు. టాంగా నబీసాబ్ ఒక్కడే గుర్రాన్ని ఆపి, లేని రైలు దాటిపోయేదాకా బీడీ కాలుస్తూ ఆగేవాడు.

మామకు ప్రభువు ప్రార్థన ఇంకా నోటికి వస్తుంది. అదీ పోకముందే కోతపండుగ నాడు చర్చిలో అందరితో కలిపి చెప్పించాలని సరళ ఆశ. తీరా తీసుకుపోతే ఆయన చర్చి గేటు దగ్గరే ఎర్రగుడ్డ చాపాడు.

"గూడ్సు వస్తున్నది, ఆగుండ్రి!"

కానుక వడ్లగంపలు నెత్తినపెట్టుకున్న ఆడవాళ్లు ఆగిపోయారు. "ఇంట్ల కట్టేయరాదే సరళా? పండుగ పూట గిదేం పరేషాన్!" అంది సునంద.

సరళ చెయ్యి పట్టి గుంజితే అబ్రహాం కదల్లేదు. "రిలీవర్ రాకుంట గేటిడిస్తె మనుషులు సస్తరు బిడ్డా."

సీరియల్లో ఆ ముసలాయన కూతురు తండ్రికి ఎదురు చెప్పకుండా, ఆయన అన్నదే నిజమన్నట్టు మాట్లాడేది. రాసినాయన ఒక్క దుప్పటి పిండి ఎరగడని సరళ ఈసడించుకునేది. ఇప్పుడు ఆ ఒక్క ముక్కే అక్కరకొచ్చింది. టాంగా దిగుతున్న నబీసాబ్‌ను పిలిచింది.

"అన్నా, మా మామకు రిలీవరొచ్చిండని చెప్పవా?"

నబీసాబ్ అంగీ సర్దుకుని సలాం కొట్టాడు. "అబ్రహామన్నా, చార్జి నాకియ్యి. లైను నేను జూసుకుంట."

అబ్రహాం ఆయన్ను కిందికీ మీదికీ చూసి గుడ్డ అందించాడు. "డ్యూటీల బీడీ తాగకు."

చర్చి లోపల మగవాళ్ల వైపు ఒంటరిగా వదిలితే లేచి వెళ్లిపోతాడని, సరళ ఆయన్ను ఆడవాళ్ల చాప దగ్గరికి నడిపించింది. సునంద కళ్లు ఒత్తుకుంటోంది. "అచ్చం సీరియల్ లెక్కనే ఉన్నదే!"

"ఏడ్సుడు అయిపోతె జర జరుగక్కా. ఆయన కూసుంటడు."

సునంద జరిగింది. జానెడే.

అబ్రహాం ఒక్క మాట తప్పకుండా ప్రార్థన చెప్పాడు. బయట నబీసాబ్, చర్చి విడిచేదాకా, ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడే ఉన్నాడు. బీడీ ముట్టలేదు.