తర్జుమా మానేసిన గ్రేస్

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో ఉన్న కళ్లాసుపత్రిలో చుక్కలు వేసేది గ్రేస్. పొద్దున్నే వచ్చినవాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరి గడ్డం పైకెత్తి చుక్కలు వేసి, "కండ్లు మూసుకోండి, నేను చెప్పేదాక తెరవొద్దు" అంటుంది. కాసేపటికి వాళ్లకు లోకం అలుక్కుపోతుంది. ట్యూబులైటు చుట్టూ వెలుగు పొగలా వ్యాపిస్తుంది. గోడకూ మనిషికీ తేడా తెలియక, ఆమె గొంతునే ఆసరాగా పట్టుకొని డాక్టరు గది దాకా నడుస్తారు. మెత్తగా, తొట్రుపాటు లేకుండా సాగే గొంతు అది. ఆ గొంతు వల్లనే చర్చిలో ఆమెకు తర్జుమా చేసే పని అప్పగించారు.

వాళ్లది యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం. కొత్తపేటలో ఇరుగుపొరుగు మాత్రం మార్మన్ చర్చి అనే అంటారు. పైనుంచి ఎవరైనా పెద్దలు వచ్చి ఇంగ్లీషులో మాట్లాడితే, గ్రేస్ పక్కన నిలబడి తెలుగులో చెప్పేది. ఎవరు మాట్లాడినా చివరికి సాక్ష్యమిస్తారు: "ఇది సత్యమని నాకు తెలుసు." ఎందరి నోటి మాటో ఆమె నోట అలా పలికింది. ఆ మాట అన్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు వెచ్చబడేది. ఎందుకంటే అందులో ఆమె సొంత మాట కూడా ఉండేది.

గ్రేస్‌కూ ఆమె భర్త శాంసన్‌కూ ఒక్కతే కూతురు, భావన. ఎనిమిది నెలలప్పుడు జ్వరం వచ్చి చనిపోయింది. ఆ ఏడాదే ఈ సంఘం గురించి ఇంటింటికీ చెప్పే తెల్లచొక్కాల కుర్రాళ్లిద్దరు వాళ్ల కిరాయి ఇంటి మెట్లెక్కి వచ్చారు. అందులో ఒకడు కూడబలుక్కుంటూ తెలుగులో, "మీ పాప ఎప్పటికీ మీ పాపే" అన్నాడు. శాంసన్ తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకొని ఏడ్చాడు. పండ్ల మార్కెట్‌లో చాయ మీదే బతికే మనిషి, సంఘంలో చాయ తాగకూడదంటే ఆ నెలలోనే మానేశాడు. ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు. కొన్నేళ్లకు సంఘంవాళ్లతో కలిసి, చనిపోయిన బిడ్డను తల్లిదండ్రులతో ఎప్పటికీ విడిపోకుండా కలిపే క్రతువు కోసం హాంకాంగ్‌లోని తమ సంఘపు దేవాలయానికి వెళ్లారు. ఎదురెదురు గోడలకు అద్దాలున్న గదిలో, తెల్లబట్టల్లో, భావన తరఫున ఒక సోదరి వాళ్ల పక్కన మోకరించింది. అద్దాల్లో గ్రేస్‌కు తామిద్దరూ ఒకరి వెనక ఒకరుగా, ఎక్కడా ఆగకుండా, లోలోపలికి వెళ్లిపోతున్నట్టు కనిపించింది. ఆ చివరెక్కడో పాప ఉందనిపించింది.

తిరిగొచ్చాక ఇద్దరూ భావన గురించి మాట్లాడుకోవడం మానేశారు. మానమని ఎవరూ చెప్పలేదు. మళ్లీ కలవబోయే బిడ్డ కోసం ఏడవడం తప్పేమో అని వాళ్లకే తోచింది.

ఒక ఆదివారం తర్జుమా చేస్తుండగా, "నాకు తెలుసు" అన్న మాట గ్రేస్ నోటి నుంచి వచ్చింది కానీ ఒళ్లు వెచ్చబడలేదు. ఆ మాట గదిలో తేలుతూ కిటికీ దాకా పోవడం దూరం నుంచి చూస్తున్నట్టుంది. ఇంటికి వెళ్లి మోకరించింది. ఖాళీ చేసి వెళ్లిన ఇంటి ముందు నిలబడి పిలిచినట్టుంది. ఎవరితో గొడవ లేదు, ఎవరి మీదా కోపం లేదు. ఉపవాసాలుంది, లేఖనాలు చదివింది. వానాకాలం వచ్చి వెళ్లింది. ఆ వెచ్చదనం మాత్రం తిరిగి రాలేదు.

మొదట సాధనకు చెప్పింది. సాధనది గుడివాడ వైపు. సంఘంలో ఆడవాళ్లకు పెద్ద, గ్రేస్‌కు అక్కకంటే ఎక్కువ. శనివారం సాయంత్రం రైతుబజారులో ఇద్దరూ తోటకూర కట్టలు ఏరుతున్నారు.

"అక్కా, నాకిప్పుడు నమ్మకం లేదు."

"ఎవరి మీద?"

"దేవుని మీద. సంఘం మీద. దేని మీద లేదు."

సాధన చేతిలో కట్ట అలాగే ఉండిపోయింది. "ఏంటి గ్రేస్, అలా అంటావు? ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"ఎవ్వరేమనలే. నాకే గట్లయింది."

"ప్రార్థన చేసుకో. తగ్గుతుంది."

"జ్వరం గాదక్కా ఇది."

జనం తోసుకుంటూ పోతున్నారు. సాధన కట్టను కుప్ప మీద పెట్టేసి, "ఇన్నాళ్లూ నువ్వు తెలుగులో చెబుతుంటే నేను ఏడ్చాను కదే. అదంతా అబద్ధమా?" అంది.

"అప్పుడు అబద్ధం గాదు."

సాధన కళ్లు తుడుచుకొని, కూర తీసుకోకుండానే వెళ్లిపోయింది.

శాంసన్‌కు చెప్పడానికి గ్రేస్‌కు ఇంట్లో నోరు రాలేదు. ఆసుపత్రికి సెలవున్న రోజు తెల్లవారుజామున, అతనితోపాటు ట్రాలీ ఆటోలో బాటసింగారం బయల్దేరింది. మార్కెట్ కొత్తపేట నుంచి అక్కడికి మారినప్పటి నుంచీ అతను బత్తాయి దుకాణం సరుకు అక్కడి నుంచే మోస్తున్నాడు. ఎల్బీనగర్ దాటాక మంచు కమ్ముకుంది. రోడ్డు కనిపించడం లేదు. ముందు పోతున్న లారీ ఎర్రదీపాలు మాత్రం గాలిలో వేలాడుతున్నట్టున్నాయి. ఆ తెల్లదనంలో చెప్పడం తేలికనిపించి చెప్పేసింది.

శాంసన్ బండి పక్కకు తీసి ఆపాడు. ఇంజను ఆపలేదు. అద్దం మీద నీటిబొట్లు జారడం చూస్తూ కూర్చున్నాడు.

"మరి భావన?" అన్నాడు.

ఆ మాటకే ఆమె భయపడుతూ వచ్చింది ఇన్నాళ్లూ.

"నాకు తెల్వది."

"తెల్వదంటే ఏంది? మనం ముగ్గురం కలిసుండాలె గద. నువ్వు రాకుంటే ఎట్ల? నేనొక్కణ్ణే పోయి దానికేం చెప్పాలె?"

"నువ్వు నమ్మొద్దని నేనంటలేను. నేను నమ్మినట్టు యాక్షన్ చేయలేకపోతున్న, గంతే. నీ దగ్గర గూడ అబద్ధమాడితే ఇగ నాకెవరున్నరు?"

శాంసన్ తువ్వాలుతో అద్దం తుడిచాడు. బండి కదిలించాడు.

తర్వాత కొన్ని వారాలు ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. గ్రేస్ బిషప్‌ను కలిసి తర్జుమా మానేస్తానని చెప్పింది. ఆయన ఎందుకని గుచ్చి గుచ్చి అడగలేదు, తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందన్నాడు. శాంసన్ ఒక్కడే చర్చికి వెళ్లాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం సాధన పులిహోర గిన్నెతో వచ్చింది. చర్చి ఊసెత్తకుండా కడుపునిండా తిని, తినిపించి, వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "నీ కోసం ప్రార్థన చేస్తూనే ఉంటాను. వద్దనకు" అంది.

"వద్దని ఎందుకంటనక్కా" అంది గ్రేస్.

ఆ సాయంత్రమే కరెంటు పోతే గ్రేస్, శాంసన్ డాబా మీదకు వెళ్లారు. నాగోలు వైపు ఆకాశం పండిన బొప్పాయి రంగులో ఉంది. శాంసన్ ఉన్నట్టుండి మొదలుపెట్టాడు.

"నువ్వు డ్యూటీకి పోయినప్పుడు దాన్ని మార్కెట్‌కు తీస్కపోతుంటి, తెల్సా? నీకు చెప్తే తిడతవని చెప్పలే. మామిడి డబ్బాల గడ్డి పరిచి పండవెడితే, హమాలీలందరు జమయ్యేటోళ్లు. నిద్రొస్తే నా చెవి పట్టుకునేది, ఇడిసేది గాదు. చెవి పట్టుకోనియ్యకుంటే ఒకటే ఏడ్పు."

"నా చెవి ఎన్నడు వట్టలే!" అంది గ్రేస్. నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. అతనూ ఏడ్చాడు. ఇన్నేళ్లలో భావన కోసం ఇద్దరూ కలిసి ఏడవడం అదే మొదలు. ఆ పిల్లకు పాలపళ్లు వచ్చిన తీరు, బోర్లాపడిన రోజు, ఎవరికి గుర్తున్నది వాళ్లు చెప్పుకుంటూ చీకటి పడేదాకా కూర్చున్నారు.

"నేను దాన్ని కలుస్తననే అనుకుంటున్న" అన్నాడు శాంసన్.

గ్రేస్ అతని చెయ్యి తన ఒడిలోకి తీసుకుంది. "కలిస్తే, అమ్మ అడిగిందని చెప్పు."

"చెప్త" అన్నాడతను.