రాతిలో పురుగు, అవ్వ సాక్ష్యం

ప్రతి ఏడూ కోతల పండుగ నాడు మా ఊరి చర్చిలో పాస్టరయ్య మా అవ్వను సాక్ష్యం చెప్పమనేవారు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ధాత నామ సంవత్సరంలో వచ్చిన మహా కరువులో ఆమె అమ్మ, నాయన, అన్న, ఇద్దరక్కలు పోగా మిగిలింది ఆమె ఒక్కతే. దేవుడు ఆమెను ఎందుకు కాపాడాడో ఆమె నోటనే వినాలని అందరికీ ఆశ. అవ్వ మాత్రం మూతి బిగించుకుని కూర్చునేది. ఒకసారి నేను గట్టిగా అడిగితే, "నన్ను కాపాడినాడని చెప్తే, వాళ్లను వద్దనుకున్నాడని చెప్పినట్టే గదమ్మే" అంది. నాకు అర్థం కాలేదు. బడిపంతులమ్మనైన నాకు, అవ్వ మొండితనం నలుగురిలో తల కొట్టేసినట్టుండేది.

ఆ ఏడు పండుగకు కర్నూలు నుంచి వస్తూ ఒక రాయి తెచ్చాను. మా బడి దొరసాని బీరువాలోది, భద్రంగా తిరిగి తెస్తానంటే ఇచ్చింది. అందులో గోరంత పురుగొకటి అచ్చుపడి ఉంది. ట్రైలోబైట్ అంటారు.

జొన్నలు చెరుగుతున్న అవ్వ తొంగిచూసింది. "రోకలిబండ పురుగు మాదిరి ఉండాది. రాళ్లు మోసేదానికా నిన్ను సదివించింది?"

పాఠం చెప్పే సందు దొరికితే పంతులమ్మ ఊరుకుంటుందా? ఒకప్పుడు సముద్రాల నిండా ఇవేనన్నాను. జానెడువి, ముళ్లవి, ఎన్నో రకాలు. కాలం గడిచేకొద్దీ ఒక్కొక్కటే అంతరించాయి. చివరికి ఈ చిన్నవాటి వంశమొక్కటే మిగిలి, చాలాకాలం నెట్టుకొచ్చి, మహా వినాశనంలో అదీ పోయింది.

చెరిగే చేట ఆగింది. "ఇవే ఎందుకు మిగిలినాయి? మంచివనా?"

"పురుగుల్లో మంచేముందవ్వా? ఎవరికీ సరిగా తెలీదు. చిన్నవి గదా, కొంచెంతోనే సరిపోయిందేమో."

అవ్వ రాయిని కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. మళ్లీ జొన్నలు చెరగలేదు.

మరునాడు చర్చిలో పాస్టరయ్య అడగకముందే లేచింది.

"నేను మంచిదాన్నని మిగల్లేదయ్యా. మా అక్కలు నాకంటే శానా మంచోళ్లు. వాళ్లు పెద్దోళ్లు, కరువులో దొరికిన ఆ రవ్వంత గంజి వాళ్లకు సాల్లేదు. నేను సిన్నదాన్ని, నాకు సాలింది. అంతే."

ఎవరూ ఆమేన్ అనలేదు. అవ్వ ఇంకా నిలబడే ఉంది. అన్న పేరు, ఇద్దరక్కల పేర్లు ఒక్కొక్కటే చెప్పి కూర్చుంది.

అన్నేళ్లుగా ఆమె పక్కలో పడుకుని పెరిగినదాన్ని, ఆ పేర్లు నేను వినడం అదే మొదలు.