నాన్న వీలునామా, నా మతిస్థిమితం

మీరు నవ్వుతారని తెలిసీ చెబుతున్నాను. మా నాన్న వీలునామా పకడ్బందీగా రాయించబోయి, డాక్టరు ఎదుట, భార్య ఎదుట, వీడియోతో సహా నా పరువును నేనే గంగలో కలిపాను.

నాన్న ముప్పై ఏళ్లు రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. మణికొండలో మా దగ్గరే ఉంటారు. నిజాంపేటలో తనకున్న ఫ్లాటు మా అక్కకూ నాకూ ఎలా చెందాలో రాసేస్తానని ఒకరోజు ఆయనే అన్నారు. రాసినదాన్ని అమలుచేసే బాధ్యత ఎవరికో ఒకరికి అప్పగించాలి కదా, అది నాకే దక్కాలని నా ఆశ. ఆఫీసులో పదిమంది మీద పెత్తనం చేసేవాణ్ని, ఇంట్లో గ్యాస్ బుక్ చేసే పని కూడా నన్ను నమ్మి ఇవ్వరు మరి! అందుకని నా సమర్థత చూపించడానికి ల్యాప్‌టాప్‌ను టీవీకి తగిలించి, వీలునామా అంటే ఏమిటో నలభై స్లైడ్లతో ఆయనకు పాఠం చెప్పాను. వీలునామాల మధ్యే తల నెరిసిన మనిషికి!

"ఇంకా ఎన్ని ఉన్నాయిరా?" అన్నారు నాన్న.

"పదిహేను. అసలైనది ఇప్పుడే వస్తోంది నాన్నా. మీ మతిస్థిమితం బాగుందని డాక్టరు సర్టిఫికెట్ కావాలి. వీడియో కూడా తీయాలి. రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు."

"తీయించు. నాకేం భయం?"

నాకుండాల్సింది ఆ భయం. మర్నాడు పొద్దున పదింటికి మా వీధి చివర క్లినిక్‌కు వెళ్లాం. ఫోను పట్టుకుని నేనే దర్శకుణ్ని. పక్కన నా భార్య సునీత.

"సార్, ఇయ్యాల ఏం వారమో జర చెప్పుండ్రి," అంది డాక్టరమ్మ.

"బుధవారమండీ."

నేను చటుక్కున అందుకున్నాను. "నాన్నా, మంగళవారం!"

"బుధవారమే," అంది డాక్టరమ్మ.

మా క్లయింటు అమెరికాలో ఉంటాడు. అక్కడ మంగళవారం అయిపోయేదాకా నాకు బుధవారం మొదలుకాదు. ఈ సంగతి ఆవిడకు ఎంతో ఓపిగ్గా వివరించాను. ఆవిడ నన్ను అదోలా చూసి మళ్లీ నాన్న వైపు తిరిగింది.

"మీ కొడుకు పెండ్లి ఎప్పుడైంది సార్?"

"శ్రావణమాసంలో, రెండో శుక్రవారమండీ."

"మాఘం కదా నాన్నా! పీటల మీద గజగజా వణికాను!"

"అది చలి కాదండీ, వానలో తడిసి వణికారు," అంది సునీత.

"కోడలి ఫోన్ నంబర్ యాదికున్నదా?"

నాన్న పది అంకెలూ గడగడా అప్పజెప్పారు. నేను ఊరుకోవచ్చు కదా? "అది కాదు నాన్నా" అంటూ ఇంకోటి చెప్పాను.

"అదెవరి నంబరండీ?" సునీత గొంతు చాలా ప్రశాంతంగా ఉంది. పెళ్లయినవాళ్లకు ఆ ప్రశాంతత గురించి నేను చెప్పక్కర్లేదు. తీరా చూస్తే అది మాకు మంచినీళ్ల క్యాన్లు వేసే అతనిది.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "సార్‌కు ఏం ఫికర్ లేదు, మస్తుగున్నరు. మీరే జర గిట్ల వచ్చి కూసోండ్రి. నిద్ర మంచిగ పడ్తున్నదా?" అంటూ నా చేతికి బీపీ పట్టీ చుట్టేసింది. సునీత నా దగ్గర ఫోను అందుకుని, వీడియో ఆపకుండా, నా ముఖం బాగా పడేట్టు పట్టుకుంది.

"ఇగ సర్టిఫికెట్ ఎవరి పేరు మీద రాయమంటరు?"

"నా పేరు మీదే రాయండమ్మా. వాడికి ఇప్పట్లో వచ్చేలా లేదు," అన్నారు నాన్న. సిగ్గుతో చచ్చిపోయాను.

పది రోజుల తర్వాత లాయరు వీలునామా చదివి వినిపించాడు. 'అమలుచేసే బాధ్యత' అన్న మాట రాగానే గొంతు సవరించుకుని నిటారుగా కూర్చున్నాను.

"ఆ బాధ్యతను నా కోడలు సునీతకు అప్పగిస్తున్నాను."

నాకు ఏడుపొక్కటే తక్కువ. "ఇదేం అన్యాయం నాన్నా! ఈ బాధ్యతల్లో నా పేరు ఒక్కచోటైనా రాయలేదా?"

"తొందరెందుకురా? తర్వాతి వాక్యం విను."

లాయరు నవ్వాపుకుంటూ చదివాడు. "నా కుమారుణ్ని కూడా ఆమెకే అప్పగిస్తున్నాను."

కనుక మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. పెద్దవాళ్ల మతిస్థిమితాన్ని ఈ జన్మలో మళ్లీ శంకించను. ఈ ప్రమాణం చెల్లుతుంది, సునీత అనుమతి తీసుకునే చేశాను.