వాల్దొరేనా వారి ముద్దలు

2023 చలికాలంలో అమెరికాలోని ఎడిసన్‌ ఊళ్లో ఒక ఇటాలియన్ మామ్మగారి దగ్గర పనిచేశాను. నేను హోమ్ హెల్త్ ఎయిడ్‌ని, అంటే పెద్దవాళ్ల ఇళ్లకే వెళ్లి స్నానం చేయించి, తినిపించి, కనిపెట్టుకుని ఉండే మనిషిని. ఆవిడ వాల్దొరేనా వారి ఆడపడుచు. ఇటలీలో ఒకప్పుడు కోట కట్టుకుని ఏలిన వంశమట. హాలు గోడ నిండా వాళ్ల పూర్వీకుల బొమ్మలే. ఒక్కొక్కరి కథా ఆవిడ నోటే విన్నాను. నాకు చదువు అంతంతమాత్రం గానీ, విన్నది మరిచిపోను.

న్యుమోనియా తగ్గి హాస్పిటల్ నుంచి వచ్చాక ఆవిడ తిండి మానేసింది. గొంతులో ఏ ఇబ్బందీ లేదు, మనసే లేదు. ఇలాగే చిక్కిపోతే ఫీడింగ్ ట్యూబ్, అంటే పొట్టలోకి గొట్టం వేసి ఆహారం పంపడం, తప్పదేమోనన్నారు డాక్టరుగారు. కూతురు క్లారా వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

"ఒక్క స్పూన్ ట్రై చెయ్యండి, మామ్మగారూ."

"ఎవరి కోసం తినాలి, సుశీలా? నా తరం వాళ్లంతా పోయారు."

మనం పిల్లలకు అన్నం పెడుతూ ఇది తాత ముద్ద, ఇది అత్త ముద్ద అంటాం కదా. అది గుర్తొచ్చింది. ఆవిడ కుర్చీ గోడవైపు తిప్పి, నిటారుగా కూర్చోబెట్టి, మెత్తగా మెదిపిన పాస్తా స్పూన్‌తో తీసి, ఒక బొమ్మ చూపించాను.

"ఇది గ్వీదోగారి ముద్ద. శత్రువులు చుట్టుముట్టినా ఆయన కోట తలుపు తియ్యలేదు. మీరు మాత్రం నోరు తియ్యాలి."

ఎగాదిగా చూసి, నోరు తెరిచింది.

"ఇది బియాంకమ్మగారిది. ప్లేగు రోజుల్లో గాదెలు తెరిచి ఊరికి గోధుమలు పంచిన తల్లి."

అదీ మింగింది. ఆ ఊపులో, "ఇది బిషప్ ఒత్తావియోగారిది" అన్నాను. థూ అని ఉమ్మేసింది! కిందపడ్డది వాళ్ల కుక్క నాకేసింది.

"వాడా! ఆస్తి కోసం సొంత తమ్ముణ్ణే జైల్లో పెట్టించాడు. వాడి ముద్ద నాకెందుకు?"

"పోనీ ఆ తమ్ముడికి పెడదామా? పాపం, జైల్లో ఏం పెట్టారో ఏమో."

హాస్పిటల్ నుంచి వచ్చాక మొదటిసారి నవ్విందావిడ. "వాడికి రెండు పెట్టు."

ఆ నవ్వు విని క్లారా పరుగెత్తుకొచ్చింది. రోజూ అదే వరస. చలి తగ్గేసరికి ఆవిడ ఒళ్లు కాస్త తేరుకుంది, డాక్టరుగారు ట్యూబ్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఒంటరి మనిషికి అన్నం సయించదు. పళ్లెం చుట్టూ నలుగురిని పిలవాలి, ఎప్పుడో పోయినవాళ్లనైనా సరే. ఇప్పుడు ఆ ముద్దలు క్లారాయే పెడుతోంది. బిషప్‌గారి వాటా మాత్రం ఇప్పటికీ కుక్కకే.