మూగబోయిన టాపెట్లు

ఇంజను విప్పాలని అందరూ తేల్చింది గురువారం. కారు రేసు ట్రాక్‌కి బయలుదేరాల్సింది శనివారం పొద్దున. విప్పితే రెండు రోజుల్లో మళ్ళీ బిగించడం అయ్యే పని కాదు.

కారంటే పెద్దదేం కాదు. ఇనుప పైపుల చట్రం, ఒక సీటు, దాని వెనక పాత బైకు నుంచి తీసిన ఇంజను. మా పాలిటెక్నిక్‌లో చివరి ఏడాది చదివే సీనియర్ అన్న రెండేళ్లుగా దాన్ని కట్టుకుంటూ వచ్చాడు. జనగామలో మా పెద్దబాపుకున్న ట్రాక్టర్ల షెడ్డులో ఒక మూల దానిది. పరీక్షలు అవగానే అతను వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరాలి. ఈ ఆదివారం తప్పితే ఆ కారు ఎప్పటికీ ట్రాక్ మొహం చూడదు.

నాది డోర్నకల్. పెద్దబాపు ఇంట్లో ఉండి చదువుకుంటున్నాను కాబట్టి సాయంత్రాలు షెడ్డులోనే గడిచేవి. ఒక డబ్బా మీద కూర్చుని నవల చదువుకునేదాన్ని, అడిగినప్పుడు పానాలు అందించేదాన్ని, చూసినవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. ఆ అన్నతో నేను అన్నాళ్లలో మాట్లాడిన మాటలు ఒక పేజీకి కూడా సరిపోవు.

పత్తి సీజను అయిపోయి ఖాళీగా ఉన్న జిన్నింగ్ మిల్లు గచ్చు మీద ఆ వారమంతా కారును తిప్పి చూశారు. చల్లగా ఉన్నంతసేపు బాగానే పోయేది. వేడెక్కాక లాగేది కాదు. ఆపితే మళ్ళీ స్టార్టయ్యేది కాదు. సైలెన్సర్‌లో ఫట్ ఫట్‌మని పేలేది.

"ఇంజన్ల దమ్ము లేదురా," అన్నాడు పెద్దబాపు. కంప్రెషన్‌ని ఆయన దమ్మనే అంటాడు.

గురువారం ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో గేజీ బిగించి, అన్న స్టార్టర్ నొక్కాడు. ముల్లు ఎనభై దగ్గర ఆగింది.

"పిస్టన్ రింగులు పోయినయ్ కాకా. ఇంజను విప్పుడే," అన్నాడు అన్న. మొహం నల్లబడిపోయింది.

అతను యాక్సిలరేటర్ తొక్కలేదని నేను చూశాను. గాలి లోపలికి రానివ్వకుండా కొలిస్తే గేజీ మాత్రం ఏం చూపిస్తుంది? నోటితో చెప్పడానికి బదులు వంగి, పెడల్‌ని చేత్తో చివరిదాకా అదిమి పట్టుకున్నాను.

"ఏంది చెల్లె, గట్ల దూరినవ్?"

"ఇంకోసారి నొక్కు అన్నా."

ఈసారి తొంభై అయిదు. అయినా తక్కువే. ఇంజను బిగించిన రోజు నూట యాభై వచ్చినట్టు నా డైరీలో ఉంది.

"నూనె పోసి చూద్దాం," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. రింగులు అరిగి ఉంటే, పోసిన నూనె ఆ సందుల్ని కాసేపు మూసేస్తుంది, ముల్లు పైకి ఎగబాకుతుంది. పెద్దబాపు రంధ్రంలో ఒక చెంచా ఇంజనాయిలు పోశాడు. ముల్లు తొంభై ఎనిమిది దాకా వెళ్లి ఆగింది.

"గాలి రింగుల కాడ పోతలేదు. వాల్వుల కాడ పోతుంది," అన్నాను. అందులో నాకు ఏ అనుమానమూ లేదు.

అనుమానం లేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. వారం కిందట షెడ్డులో ఒక్కదాన్నే ఉన్నప్పుడు, వాల్వుల్ని నొక్కే టాపెట్లు టిక్ టిక్‌మంటూ చదువుకి అడ్డం వస్తున్నాయని, ఆ చప్పుడు పోయేదాకా వాటిని బిగించాను. కొలత పెట్టలేదు, చెవినే నమ్ముకున్నాను. ఆ రోజు డైరీలో ఉన్న వాక్యం: 'చప్పుడు పోయింది. షెడ్డు లైబ్రరీలా ఉంది.' కారు మొరాయించడం మొదలైంది ఆ తర్వాతి పేజీ నుంచే.

"టాపెట్లు నేనే బిగించిన, పెద్దబాపు. సప్పుడు ఇనబుద్ది కాలే."

అన్న నావైపు తిరిగాడు. "అయితే గిన్ని రోజులు నేను కార్బొరేటర్ను తిట్టింది దండగేనా?"

పెద్దబాపు పడీ పడీ నవ్వాడు. "పిల్లా, టాపెట్లు జర ముచ్చట పెట్టుకోవాలె. ఆడ ఇంత సందు లేకుంటే వాల్వు సక్కగ మూసుకోదు. నీ లెక్కనే దాన్నీ మూగదాన్ని చేస్తివి గద!" అంతలోనే నవ్వు ఆపేశాడు. "వాల్వు కాలకుంటే బతికినం. కాలితే మాత్రం ఇంజను విప్పుడే."

ఇంజను చల్లారేదాకా ఆగాం. పిస్టన్ పైకి వచ్చి రెండు వాల్వులూ మూసుకునే చోటికి తిప్పి ఆపి, సందు కొలిచే పల్చటి ఇనుప రేకును పెద్దబాపు ఒక టాపెట్ కింద పెట్టబోయాడు. దూరలేదు. రెండోదాని కిందా దూరలేదు. రేకు, స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టాడు.

"నువ్వే బిగించినవ్. నువ్వే సదురు."

రేకు కాస్త పట్టి పట్టి జారేదాకా వదులు చేసి నట్టు బిగించాను. చూసిన పనే, చదివిన పనే. పోసిన నూనె బయటికి ఎగిరిపోయేదాకా ఇంజను తిప్పి, మళ్ళీ గేజీ పెట్టాం. ఈసారి పెడల్‌ని అన్న ఎవరూ చెప్పకుండానే తొక్కి పట్టాడు.

నూట నలభై.

"నూట యాభై రాలే కాకా," అన్నాడు అన్న.

"పదేండ్ల ఇంజనురా, పెండ్లిపిల్లగాడు కాదు. నడుస్తది."

శనివారం పొద్దున ట్రాలీ ఎక్కించే ముందు కారును మిల్లు గచ్చు మీద పది చుట్లు తిప్పి, వేడి మీదే ఆపారు. అన్న మళ్ళీ నొక్కాడు. ఒక్క నొక్కుకే అందుకుంది. టిక్ టిక్‌మంటోంది.

"చెల్లె, నువ్వు గూడ ఎక్కు," అన్నాడు అన్న ఇంజను ఆపి. "ఆడ గివి ముచ్చట ఆపితే నాకేం ఎరుక?"

రేకును డైరీలో పెట్టుకుని, ట్రాలీని లాగే బండి ముందు సీట్లో ఎక్కాను. పెంబర్తి దాటేదాకా, వాల్వుల గురించి అతను అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాను.