వెట్టి రద్దు సభ పందిరి

దివిసీమలో మా ఊరికి చాకలి ఆనందమ్మ ఒక్కతే. మొగుడు పోయాక ఊరందరి బట్టలూ ఆమే ఉతికేది. మనిషి చిన్నదే గాని నోరు పెద్దది. చెరువు గట్టున ఆమె ఎవర్నయినా తిడుతుంటే పశువుల కాపర్లు పని మానుకుని వినేవారు. ఆ నోరు మునసబు వాకిట్లో మాత్రం లేచేది కాదు. అక్కడ వెట్టి ఉండేది. తాసీల్దారు వచ్చినా, ఆయన బంట్రోతు వచ్చినా, బంట్రోతు బావమరిది చేపల కోసం వచ్చినా బసకు నీళ్ళు మోయాలి, పక్క పరవాలి, పందిరికి చాందినీ కట్టాలి. కూలి అడగకూడదు. ఎవరైనా అడిగితే వాళ్ళకి మతి చలించిందేమోనని మునసబు పున్నారావుగారు నిజంగానే బాధపడేవారు.

ఆనందమ్మకి ఒక్కతే కూతురు, రాజమ్మ. బందరులో కాపురం. తొలికాన్పుకి పుట్టింటికి వస్తే, సరిగ్గా నొప్పుల వేళకి ఎవరో దొరగారు మకాం దిగారు. ఆనందమ్మ నీళ్ళు మోస్తూ ఉండిపోయింది. బిడ్డ దక్కలేదు. రెండోసారి రాజమ్మ పుట్టింటికి రానంది. "నువ్వే రా. ఈసారైనా నా పక్కన ఉండు" అని కబురు పెట్టింది. వస్తానని ఆనందమ్మ ఒట్టు వేసి మరీ చెప్పి పంపింది.

నెలలు నిండాయి. శుక్రవారం పొద్దు వాలేలోగా రేవు దాటితే అవతల బందరు వెళ్ళే కాలవ పడవ అందుతుంది. అది తప్పితే మళ్ళీ సోమవారమే. ఆనందమ్మ పొద్దున్నే మూట కట్టుకుంది. అంతలో మునసబుగారి కబురు వచ్చింది. బందరు నుంచి ప్లీడరు సూర్యప్రకాశరావుగారు వస్తున్నారు, సభ ఉంది, పందిరి కట్టాలి. సభ దేనికంటే, వెట్టి రద్దు చెయ్యడానికి.

నవ్వకండి. ప్లీడరుగారు మంచివారు. వెట్టి నిర్మూలన సంఘం పెట్టి, ఊరూరా తిరిగి గొంతు పోగొట్టుకున్న మనిషి. ఏ ఊరు వెళ్ళదలచినా ముందుగా మునసబుకే రాసేవారు. ఊళ్ళో సభ పెట్టాలంటే ఇంకెవరికి రాస్తారు? మా మునసబుగారా, పెద్దమనిషి వస్తే ఎలా మర్యాద చేయాలో బాగా తెలిసినవారు. బండి వెట్టి, కొబ్బరి బోండాలు వెట్టి, పందిరి వెట్టి. సభకు రానివాళ్ళ సంగతి తరవాత చూస్తానని దండోరా కూడా వేయించారు. దండోరా వేసినవాడికీ కూలి లేదు.

ఆనందమ్మ వెళ్ళి ఆయన వాకిట్లో నిలబడింది.

"బాబయ్యా, పిల్లకి నెలలు నిండాయండి. ఇయ్యాల పడవ ఎక్కాలి."

"ఎక్కుదువులేవే. ఆయన ఎవరి కోసం వస్తున్నారూ? మీ కోసం కాదూ? చాందినీ కట్టేసి వెళ్ళు."

కట్టింది. చాకలి కట్టే చాందినీ అంటే ఊరివాళ్ళు ఉతకడానికి వేసిన చీరలే, వేరే బట్ట ఎక్కడిది? కరణంగారి భార్య జానకమ్మగారి జరీ అంచు చీర సరిగ్గా ప్లీడరుగారి నెత్తిమీదికి వచ్చింది. సభ మొదలయ్యాక ఆడా మగా తలలెత్తి ఎవరి చీర ఎక్కడుందో వెతుక్కోసాగారు. తన మాటలకే జనం అలా తన్మయులై పైకి చూస్తున్నారనుకుని ప్లీడరుగారు మరింత గొంతు పెంచారు.

"కూలి ఇవ్వకుండా చేయించుకునే పని దొంగతనం! మీలో ఎవరైనా ఇష్టం లేని పని చేస్తున్నారా? ఈ క్షణమే మానేసి వెళ్ళిపొండి! మిమ్మల్ని ఎవరు ఆపుతారో నేను చూస్తాను!"

చప్పట్లు మోగాయి. మునసబుగారు అందరికంటే గట్టిగా కొట్టారు. ఆనందమ్మ చప్పట్లు కొట్టలేదు, లేచి నిలబడింది. చీరలకి జవాబుదారీ ఆమెది, వదిలి వెళ్తే ఒక్కటీ దక్కదు. తిన్నగా రాట దగ్గరికి వెళ్ళి ముడి విప్పింది. జానకమ్మగారి చీర జారి ప్లీడరుగారి తలపాగా మీద పడింది.

"ఏమిటిది? ఎవరావిడ?" అన్నారాయన, చీరలోంచి బయటపడి.

"ఎల్తన్నానండి బాబూ. తమరే ఎల్లమన్నారు గదండీ. కూతురి పురిటికి..."

ప్లీడరుగారికి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. జాలిగా నవ్వి, "చూడమ్మా, ఇంకా తీర్మానం కాలేదు. అది కానివ్వు, తరవాత అందరూ స్వతంత్రులే" అని, మునసబు వైపు తిరిగి, "ఆవిణ్ణి కాస్త కూర్చోబెట్టండి" అన్నారు. చీర మళ్ళీ ఆనందమ్మచేతే కట్టించి, ఆమెను కూర్చోబెట్టి, లేవకుండా ఇద్దరు మనుషులు చెరోపక్కా నిలబడ్డారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తీర్మానం ఏకగ్రీవం. ప్రతిపాదించింది ప్లీడరుగారు, బలపరచింది మునసబుగారు. అది ఇంగ్లీషులో ఉండటంవల్ల తెలుగు చేసి వినిపించడానికి ఇంకొంత పొద్దు పోయింది. ఆనందమ్మ చీరలు విప్పి, మడిచి, ఇళ్ళకి చేర్చి రేవుకి పరుగెత్తేసరికి అవతల పడవ వెళ్ళిపోయింది.

సోమవారం పడవ ఎక్కి బందరు చేరింది. బిడ్డ అప్పటికే పుట్టింది, అదృష్టవశాత్తూ బతికింది కూడా. రాజమ్మ ఒంటరిగా కేకలు పెడుతుంటే పక్కింటి జమీలా పరుగెత్తుకొచ్చి బొడ్డు కోసిందట. ఆ సంగతి విని ఆనందమ్మ జమీలా చేతులు పట్టుకుని ఏడ్చింది. రాజమ్మ మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది.

"ఈసారి ఎవరు దిగారే? కలెక్టరా?"

"కాదే తల్లీ. మన వెట్టి తీసేసే బాబులొచ్చారు. ఆళ్ళకి పందిరి కడతా ఉండిపోయాను."