పదికి పది వేసిన ప్రోగ్రాము

పాలిటెక్నిక్ ముగించి నేరుగా రెండో ఏడు ఇంజనీరింగుకు వచ్చే పిల్లలను ఏ కంప్యూటర్ క్లాసులో కూర్చోబెట్టాలో తేల్చడం మా కాలేజీలో నా పని. కళింగపట్నం అమ్మాయి ఒకతె వచ్చింది. మార్కుల జాబితాలో సి లాంగ్వేజ్ కనిపించలేదని ఆమెను ఓనమాల క్లాసుకు రాసేశాను.

"సొంతంగా నేర్సుకున్నాను సార్. ఆ క్లాసుకెల్తే పై క్లాసు డేటా స్ట్రక్చర్స్ వచ్చే ఏడాదికి పోతాది. ఒకపాలి పరీక్షెట్టి సూడండి," అంది.

ఏళ్ల తరబడి పిల్లలందరూ ల్యాబ్ రికార్డుల్లోకి చూసి దించుకుంటున్న, నేను రాసిన ప్రోగ్రామునే ఇచ్చాను. కంప్యూటర్లో కొట్టి చూసింది.

"ఇది నడవడం నేదు సార్. ఎవరు రాసినారేటి?"

"పాతదిలేమ్మా," అన్నాను.

రెండు నిమిషాల్లో తప్పు దిద్ది నడిపించింది. ఇన్నేళ్లూ ఒక్కసారీ నడిపి చూడకుండా ఆ రికార్డులకు పదికి పది వేసిన చేత్తోనే ఆమె పేరు డేటా స్ట్రక్చర్స్‌లో రాశాను. ఓనమాల క్లాసులో ఒక సీటు మిగిలింది. అర్హుణ్ణి నేనే.